బయట మైనస్ నలభై

ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ మిగల్లేదు. టాక్సీ స్టాండులోనూ, టీ కొట్లోనూ, ఆఖరికి సొంత చెల్లెలి ఇంట్లోనూ ఆయన "వాతావరణం గారే". ఆ పేరు రావడానికి కారణం ఆయన కారెక్కిన ఎవరికైనా తెలుస్తుంది. వెనక తలుపు సరిగ్గా పడకముందే ముందు సీట్లోంచి వినిపిస్తుంది.

"బయట ముప్పైతొమ్మిదండీ. లోపల మీకు ఇరవై నాలుగు పెట్టాను. చాలకపోతే మొహమాటపడకండి, తగ్గిస్తాను."

ఇంటికొచ్చిన చుట్టాలకి ఇంకొంచెం వడ్డించనా అని అడిగినట్టే ఉంటుంది ఆ గొంతు. చాలామంది నవ్వి ఊరుకుంటారు. కొందరు ఇరవై రెండు చెయ్యమంటారు. అలా అడిగినవాళ్ళంటే ఆయనకి వల్లమాలిన అభిమానం.

దానికీ కారణముంది. టాక్సీలోకి రాకముందు ఆయన బ్రెడ్డు బేకరీలో పనిచేసేవాడు. పొడుగాటి కర్రపార పట్టుకుని, నోరు తెరిచిన పొయ్యి ముందు నిలబడి, లోపలికి పిండి ముద్దలు తోసి బయటికి బ్రెడ్డు లాగడం ఆయన పని. వయసంతా ఆ సెగ ముందే గడిచిపోయింది. కనుబొమ్మలు ఎప్పుడూ సగం కాలే ఉండేవి. "బ్రెడ్డు కొనడానికి వెళ్ళినప్పుడల్లా ఈయన మొహమే చూసేదాన్ని," అంటుంది ఆయన భార్య. "కనుబొమ్మల్లేవు కదా, నేనేమన్నా కోపమొచ్చిందో నవ్వొచ్చిందో తెలిసేది కాదు. సరే, తేల్చుకుందామని పెళ్ళి చేసుకున్నాను." ఆవిడ కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. వచ్చినవాళ్ళ ముక్కులకి ఫ్రేములు సరిచేసి పంపిస్తుంది.

బేకరీలోంచి బ్రెడ్డు వ్యాను స్టీరింగు వెనక్కీ, అక్కణ్ణుంచి టాక్సీలోకీ వచ్చాడు. మొదటి కారులో ఏసీ లేదు. మెడకి తడి తువ్వాలు చుట్టుకుని ఏళ్ళు నెట్టుకొచ్చాడు. ఇప్పుడున్న కారు ఒకరు వాడి అమ్మిందే అయినా, దాంట్లో ఆయన కలలో కూడా అడగని ఒక సదుపాయం ఉంది. డ్యాష్‌బోర్డు మీద, గడియారం పక్కన, బయట ఎంత వేడిగా ఉందో అంకె కనిపిస్తుంది. దాన్ని చూసుకుని కారే లోపలి చల్లదనాన్ని సర్దుకుంటుంది. కారు ఇంటికి తెచ్చిన రోజున భార్యని మేడ మీద నుంచి కిందికి రప్పించి మరీ చూపించాడు.

"చూడవే, బయటెంత ఉందో లోపల కూర్చుని చెప్పేస్తోంది."

"నేను బయటే నిలబడున్నాను కదండీ. నాకా మాత్రం తెలీదా?" అంది ఆవిడ కొంగుతో విసురుకుంటూ.

ఆ కారు వల్లే ఆయనకీ వియ్యంకుడికీ చెడింది.

వియ్యంకుడంటే కూతురి మామగారు. పక్క వీధిలోనే కాపురం. టాక్సీ స్టాండుకి వెళ్ళే రోడ్డు మలుపులో ఆయనకి చిన్న రిపేరు దుకాణముంది. కుట్టుమిషన్లు, మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు బాగుచేస్తాడు. మాట తక్కువ, మీసం ఎక్కువ. పిల్లల పెళ్ళైన కొత్తలో ఇద్దరూ "బావగారూ" అంటే "బావగారూ" అనుకుంటూ ఒకరి భుజం ఒకరు వదిలేవాళ్ళు కాదు. అలాంటిది ఒక సెలవు రోజున అందరూ కలిసి ఊరి బయట జలాశయం చూద్దామని ఇదే కారులో బయల్దేరారు.

ఊరు దాటగానే వియ్యంకుడు తన వైపు కిటికీ దించాడు. వాతావరణం గారు తన దగ్గరున్న బటన్ నొక్కి పైకెత్తాడు. "ఏసీ నడుస్తోంది బావగారూ, చల్లదనం బయటికి పోతుంది." కాసేపటికి కిటికీ మళ్ళీ దిగింది. మళ్ళీ ఎక్కింది. వెనకాల ఆడవాళ్ళు ముందు నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు. మూడోసారి దిగేసరికి వాతావరణం గారు కిటికీలన్నిటికీ కలిపి ఉండే తాళం బటన్ నొక్కేశాడు. ఇక పక్కవాళ్ళు గానీ వెనకవాళ్ళు గానీ ఎంత నొక్కినా అద్దం కదలదు.

"ఆపండి," అన్నాడు వియ్యంకుడు.

"ఇంకెంతండీ, వచ్చేశాం."

"కారు ఆపమంటున్నాను!"

ఆ గొంతుకి అందరూ ఉలిక్కిపడ్డారు. కారాగింది. వియ్యంకుడు దిగి, తలుపు దబాల్న వేసి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచి, ఎదురొచ్చిన బస్సెక్కి ఇంటికెళ్ళిపోయాడు. వాతావరణం గారికి తల కొట్టేసినట్టయింది. ఎండలో తడి తువ్వాలు చుట్టుకుని తిరిగిన మనిషి తను. ఇంత చల్లటి కారులో కూర్చోబెడితే ఇలా దిగిపోతాడా?

ఆనాటి నుంచీ మాటల్లేవు. ఎదురుపడితే చెరో వైపు చూడ్డం, తప్పనిసరైతే మధ్యలో ఇంకొకరిని పెట్టి మాట్లాడ్డం. "అమ్మా, మీ మామగారికి టీ కావాలేమో అడుగు," అని కూతురికి చెప్పేవాడు, వియ్యంకుడు చేతికందేంత దూరంలో కూర్చునుండగానే. "వద్దని చెప్పమ్మా," అనేవాడాయన గోడవైపు చూస్తూ. ఆ పిల్ల ఇద్దరి మధ్యా నిలబడి, "ఇద్దరికీ చెవులు బాగానే పనిచేస్తున్నాయి కదా," అని వంటింట్లోకి వెళ్ళిపోయేది.

పరిస్థితి ఇలా ఉండగా, ఎండలు మండిపోతున్న రోజుల్లో ఒక ఉదయం వాతావరణం గారు కారు స్టార్టు చేశాడు. టింగుమని ఒక గంట మోగింది. డ్యాష్‌బోర్డు మీద చిన్న మంచుపువ్వు బొమ్మ వెలిగింది. దాని పక్కన అంకె: మైనస్ నలభై.

కళ్ళు నులుముకున్నాడు. ఇంజన్ ఆపి మళ్ళీ వేశాడు. టింగుమంది. మైనస్ నలభై. అద్దంలోంచి చూస్తే ఎదురింటి గోడ మీద ఎండ కొత్త సున్నం వేసినట్టు మెరుస్తోంది. ఏసీ వేస్తే గాలి వస్తోంది గానీ చల్లదనం లేదు. ఎదుట ఎవరో వగరుస్తూ మీదికి ఊపిరి వదులుతున్నట్టుంది.

ఆ రోజు కారెక్కినవాళ్ళందరికీ ఆ అంకె పెద్ద వినోదమైపోయింది. కళ్ళాసుపత్రికి వెళ్తున్న ఒక ముసలావిడ ముందుకి వంగి కాసేపు తేరిపార చూసింది. "బాబూ, నాకక్కడ మైనస్ నలభై అని కనిపిస్తోంది. ఇంకా ఆపరేషన్ చేయించుకుని లాభముందంటావా?" అనడిగింది దిగులుగా. మీ కళ్ళు బంగారంలా ఉన్నాయి, జబ్బు నా కారుకేనని ఆవిడకి నచ్చజెప్పడానికి ఆసుపత్రి గేటు దాకా పట్టింది. తర్వాత ఎక్కిన లెక్కల మాస్టారు మాత్రం సంబరపడిపోయాడు. "సెల్సియస్సూ ఫారన్‌హీటూ కలిసేది సరిగ్గా మైనస్ నలభై దగ్గరే, తెలుసా?" అన్నాడు చొక్కా గుండీలు విప్పుకుంటూ.

"కలవడానికి మరీ అంత దూరం వెళ్ళాలా సార్?" అన్నాడు వాతావరణం గారు, కిటికీలన్నీ దించుతూ.

ఇంటికొచ్చి చెబితే భార్య కూడా ఊరుకోలేదు. "మైనస్ నలభై పవరు అద్దం మా దుకాణంలోనే లేదండీ," అంది.

మర్నాడు గ్యారేజీకి వెళ్ళాడు. మెకానిక్ కారు ముందు వంగి, బంపరు మీదున్న గీతని వేలితో తడిమాడు.

"ఎక్కడో దేన్నో ముద్దెట్టుకున్నట్టున్నారు."

నిజమే. రెండ్రోజుల కింద పార్కింగులో ఒక పొట్టి సిమెంటు దిమ్మ కనిపించక కారు ముక్కు తగిలింది. చిన్న గీతే కదా అని పట్టించుకోలేదు.

"ఆ బంపరు వెనకాల, గ్రిల్లు పక్కన, చిటికెనవేలి కణుపంత సెన్సారుంటుంది," అన్నాడు మెకానిక్. "బయటి వేడి చూసి చెప్పేది అదే. అది పోయింది. దాంతో బయట గడ్డకట్టే చలి ఉందని మీ కారు గట్టిగా నమ్మేసింది. ఇంత చలిలో ఏసీ ఎందుకులే అని దాన్ని పడుకోబెట్టింది. తప్పు కారుది కాదు, చెప్పినవాళ్ళది."

"మార్చెయ్యండి మరి."

మెకానిక్ చెయ్యి చాపి వెనక్కి చూపించాడు. గ్యారేజీ నిండా నోళ్ళు తెరుచుకున్న కార్లు. ఎండాకాలం కదా, అన్నీ ఏసీ కేసులే. "వచ్చే వారం రండి. ఈలోగా సెన్సారు కొని పెట్టుకోండి."

స్పేర్ పార్టుల కొట్టులో సెన్సారు దొరికింది. అరచేతిలో పెట్టుకుని చూస్తే నవ్వొచ్చింది. నల్లటి కాడ, దాని చివర చిన్న మొగ్గ. ఇంత పెద్ద కారునీ, ఇంత పెద్ద మనిషినీ ముప్పుతిప్పలు పెడుతున్నది ఇదా!

వారం రోజులు ఎలాగో గడిపేయొచ్చు. ఇబ్బందల్లా మలుపులో వియ్యంకుడి దుకాణం. స్టాండుకి వెళ్ళాలంటే దాని ముందు నుంచే వెళ్ళాలి. కిటికీలు తెరుచుకుని ఆ మనిషి కళ్ళ ముందు నుంచి వెళ్ళడమా? అంతకంటే అవమానం ఇంకోటుందా? అందుకని మలుపు రాగానే నాలుగు అద్దాలూ ఎత్తేసేవాడు. చెమట చెవుల మీంచి కారుతున్నా, హిమాలయాల్లో విహరిస్తున్నవాడిలా నవ్వు మొహం పెట్టి, మెడ నిటారుగా నిలిపి, దుకాణం దాటేవాడు. దాటగానే అన్నీ దింపేసి, కుక్కలా నాలుక బయటపెట్టినంత పని చేసేవాడు.

ఒక రోజు సరిగ్గా దుకాణం ఎదురుగానే సిగ్నల్ పడింది. వెనక సీట్లో ఒక భారీ మనిషి. పదంకెలు లెక్కపెట్టేంతసేపు ఓర్చుకున్నాడు పాపం. తర్వాత కిటికీ తెరిచి తల బయటపెట్టి, "అయ్యా, ఉడికిపోతున్నాను! చంపేస్తారా ఏంటి?" అని వీధంతా వినబడేలా అరిచాడు. కుట్టుమిషన్ మీద వంగున్న వియ్యంకుడు తలెత్తి చూశాడు. నవ్వలేదు. మళ్ళీ తల దించుకుని మిషన్ చక్రం తిప్పుకున్నాడు. నవ్వి ఉంటేనే నయమనిపించింది వాతావరణం గారికి.

ఇక ఆగదల్చుకోలేదు. సెన్సారు తనే మార్చేస్తే సరిపోతుంది. ఫోనులో వీడియోలు లేవా?

ఉన్నాయి. కాకపోతే అది వేరే కంపెనీ కారు. "ముందు నుంచి ఇలా చెయ్యి పెట్టి, ఇలా తిప్పి, ఇలా లాగేయడమే," అంటున్నాడు వీడియోలో మనిషి. మొదటి ప్రయత్నంలో గ్రిల్లు సందులోంచి రెండు వేళ్ళు దూర్చి, తగిలిన ప్లగ్గు పీకాడు. కొత్త సెన్సారు దాంట్లో పట్టలేదు. మళ్ళీ తోద్దామంటే ప్లగ్గు చేతికందకుండా లోపలికి జారిపోయింది. అది హారన్‌ది అని తర్వాత సవారీలో గేదెలు అడ్డమొచ్చినప్పుడు తెలిసింది. ఆ రోజంతా తల బయటపెట్టి, "జరగండి బాబూ, జరగండమ్మా," అని నోటితోనే హారన్ కొట్టుకుంటూ తిరిగాడు.

రెండో ప్రయత్నం మధ్యాహ్నం పూట చేశాడు. భార్య దుకాణంలో ఉంది. వీధిలో పురుగు లేదు. కారుని ఇంటి ముందు నిలబెట్టి, ఫోనుని బానెట్ మీద ఆనించి వీడియో పెట్టి, గ్రిల్లు కింద వెడల్పుగా ఉన్న సందులోంచి ఈసారి చెయ్యంతా దూర్చాడు. వేళ్ళకి ఏదో కాడలాంటిది తగిలింది. దొరికావురా అనుకున్నాడు. పట్టుకుందామని ఇంకొంచెం తోశాడు. అంతే. చేతి వాచీ గొలుసు లోపల దేనికో తగులుకుంది. చెయ్యి ముందుకి పోదు, వెనక్కి రాదు.

మోకాళ్ళ మీద కూర్చుని, చెంప బంపరుకి ఆనించి, గుంజాడు. బంపరు పెనంలా కాలుతోంది. ఫోను అందదు. దాంట్లో మనిషి మాత్రం, "చూశారా, ఎంత సులువుగా వచ్చేసిందో!" అంటున్నాడు. వీడియో అయిపోయి మళ్ళీ మొదట్నుంచి మొదలైంది.

అప్పుడు వినిపించింది చెప్పుల చప్పుడు. అమ్మయ్య, ఎవరో వస్తున్నారని తల తిప్పాడు. నల్ల గొడుగు, పనిముట్ల సంచీ, దాని వెనక మీసం. భోజనానికి ఇంటికి వెళ్తున్న వియ్యంకుడు.

చెప్పులు ఆగాయి. మాట్లాడాలంటే మధ్యలో ఒక మనిషి కావాలి. వీధి అటు చివర నుంచి ఇటు చివర దాకా ఖాళీ. వియ్యంకుడు అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, చివరికి కారు వైపు తిరిగాడు.

"కారుగారూ, మీ ఓనరు గారు మీకు మొక్కుకుంటున్నారా, లేకపోతే ఏదన్నా పారేసుకున్నారా?"

వాతావరణం గారు పళ్ళు నూరాడు. "కారూ, దారిన పోయేవాళ్ళకి చెప్పు. నేను పని చేసుకుంటున్నాను."

"చెయ్యి బయటికి తీసి చేసుకుంటే పని తొందరగా తెములుతుందేమో, అడగండి."

"వస్తే తియ్యనా అని చెప్పు!"

వియ్యంకుడు రెండడుగులు ముందుకేసి నిలబడ్డాడు. ఉన్నట్టుండి వాతావరణం గారి మెడ మీద ఎండ తగ్గింది. తలెత్తి చూస్తే పైన గొడుగు. పట్టుకున్న మనిషి మాత్రం వీధి చివర కరెంటు స్తంభాన్ని చూస్తున్నాడు.

కాసేపయ్యాక వాతావరణం గారి గొంతు తగ్గింది. "కారూ... వాచీ తగులుకుందని చెప్పు."

వియ్యంకుడు గొడుగుని బానెట్‌కీ అద్దానికీ మధ్య ఇరికించి, సంచీలోంచి సన్నటి మూతి ఉన్న నూనె డబ్బా తీశాడు. కుట్టుమిషన్లకి వేసే నూనె. గ్రిల్లు సందులోంచి మణికట్టు మీద చుక్కలు చుక్కలుగా పోసి, సన్న స్క్రూడ్రైవరుతో వాచీ కొక్కెం వెతికి తట్టాడు. టక్కుమంది. వాచీ ఊడి లోపల పడింది, చెయ్యి బయటపడింది. నూనె కారుతున్న ఆ చెయ్యి వంక ఇద్దరూ చూశారు. వీడియోలో మనిషి మళ్ళీ, "చూశారా, ఎంత సులువుగా వచ్చేసిందో!" అన్నాడు.

ముందు ఎవరు నవ్వారో చెప్పడం కష్టం. ఇద్దరికీ కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. నవ్వడం ఆపాక మళ్ళీ బిడియమొచ్చింది.

"నాకు కార్లు తెలీవు," అన్నాడు వియ్యంకుడు, నేరుగా ఎవరితోనూ కాదన్నట్టు. "కానీ ఇలా ముందు నుంచి దొంగలా చెయ్యి పెట్టడం పద్ధతి కాదు. ఏదన్నా కింద నుంచే విప్పాలి."

పాత దినపత్రిక పరిచి, దాని మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాడు. బంపరు కింద ఒక ప్లాస్టిక్ రేకు, దాన్ని పట్టుకుని కొన్ని క్లిప్పులు. ఒక్కొక్కటీ పీకి బయటికి అందిస్తుంటే, వాతావరణం గారు వాటిని ఏ వరసలో వచ్చాయో ఆ వరసలోనే గొడుగు నీడలో పేర్చాడు. రేకు ఊడగానే ముందు వాచీ పడింది, తర్వాత వేలాడుతున్న ప్లగ్గు కనిపించింది.

"ఇదెవరిది?"

"హారన్‌ది. నేనే పీకాను."

"బాగుంది," అని దాన్ని దాని చోట తోసేశాడు. కాసేపు చీకట్లో తడుముకుని, "దొరికింది! మొగ్గ చితికిపోయింది. పట్టకారు ఇవ్వండి బావగారూ," అన్నాడు.

వాతావరణం గారు సంచీలో వెతికి పట్టకారు అందించాడు. కాస్త ఆగి, "ఇదిగోండి బావగారూ," అన్నాడు.

పాతది వచ్చింది, కొత్తది వెళ్ళింది. "టిక్" మని చిన్న చప్పుడు. దాని మీద మళ్ళీ రేకూ, క్లిప్పులూ. వియ్యంకుడు చొక్కా దులుపుకుంటూ లేచేసరికి వాతావరణం గారు ఫోనూ గొడుగూ కారులో పెట్టేసి స్టీరింగు ముందున్నాడు. తాళం తిప్పాడు. మంచుపువ్వు లేదు. గంట మోగలేదు. అంకె మాత్రం యాభై నాలుగు.

"అయిపోయింది," అన్నాడు నీరసంగా. "నిన్నటిదాకా గడ్డకట్టింది, ఇప్పుడు ఉడుకుతోంది. దీనికి మధ్యరకం లేదా?"

వియ్యంకుడు బంపరు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. "తప్పు దానిది కాదు. ఇంతసేపు ఎండలో కాగిన బంపరు పక్కన కూర్చుంటే మీరైనా యాభై నాలుగే చెప్తారు. కాస్త గాలి తగలనిస్తే సర్దుకుంటుందేమో. నడిపి చూడండి."

"మీరూ రండి."

వియ్యంకుడు కారు వైపొకసారి, వీధి వైపొకసారి చూశాడు. "భోజనం చల్లారిపోతుంది."

"ఈ ఎండలో ఏదీ చల్లారదు. చెల్లెమ్మగారికి నేను ఫోన్ చేసి చెప్తాను. రండి."

తప్పనిసరై ముందు సీట్లో కూర్చున్నాడు. పనిముట్ల సంచీ ఒళ్ళో పెట్టుకున్నాడు. కారు వీధి దాటి పెద్దరోడ్డెక్కింది. యాభై నాలుగు యాభై అయింది. తర్వాత నలభై ఆరు. నలభై రెండు దగ్గర డ్యాష్‌బోర్డు లోపలెక్కడో చిన్నగా ఒక మూలుగు వినిపించి, సందుల్లోంచి చల్లటి గాలి మొహానికి కొట్టింది. ఇన్నాళ్ళ తర్వాత ఆ గాలి తగిలేసరికి వాతావరణం గారికి ప్రాణం లేచొచ్చింది. అలవాటుగా చెయ్యి బటన్ల మీదికెళ్ళింది. నాలుగు అద్దాలూ పైకి లేచాయి.

"చూశారా బావగారూ! చూశారా!" అంటూ పాటలాంటిదేదో అందుకున్నాడు. సిగ్నల్ దగ్గర కారాపి ఇటు తిరిగాడు.

అంత చల్లగాలిలోనూ వియ్యంకుడి నుదుటి నిండా చెమట. ఒక చేత్తో తలుపు పిడి పట్టుకున్నాడు. వేళ్ళు తెల్లబడిపోయాయి. కళ్ళు అద్దం అంచు మీద నిలిచిపోయాయి.

"బావగారూ! ఏమైంది?"

"ఏం లేదు. కొంచెం... ఆ కిటికీ."

వాతావరణం గారు నాలుగూ దించేశాడు. రోడ్డు మీది పొగా వేడీ రొదా ఒక్కసారి లోపలికొచ్చాయి. వియ్యంకుడు తల బయటికి పెట్టినంత పని చేసి, గట్టిగా ఊపిరి పీల్చాడు. పచ్చ లైటు వెలిగినా వాతావరణం గారు కదల్లేదు. వెనకవాళ్ళు హారన్లు మోగిస్తుంటే అప్పుడు కారుని మెల్లిగా పక్కకి తీసి ఒక మూసేసిన దుకాణం ముందు ఆపాడు. నీళ్ళ సీసా మూత తీసి అందించాడు.

వియ్యంకుడు నీళ్ళు తాగాడు. సీసా మూత బిగించి, మళ్ళీ విప్పి, మళ్ళీ బిగించాడు.

"పెళ్ళికి ముందు నేను ఐస్‌క్రీం గోడౌన్‌లో పెట్టెలు మోసేవాణ్ణి," అన్నాడు చివరికి. "పెద్ద చలిగది. దానికి మందపాటి తలుపు. లోపలి వైపు గడియ పాడైందని అందరికీ తెలుసు, బాగుచేసేవాడు లేడు. ఒక సాయంత్రం నేను లోపల చివరి వరస సర్దుతున్నాను. బయటివాడు చూసుకోకుండా తలుపేసి వెళ్ళిపోయాడు. ఎంత కొట్టినా వినబడదు. తలుపు మీద ఎర్రటి అంకెలు వెలుగుతుండేవి, మైనస్ ఇరవై అని. వాటినే చూస్తూ గెంతుతూ ఉన్నాను, కాళ్ళు మొద్దుబారకుండా. వాడికి సైకిల్ తాళంచెవి మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కొచ్చాడు. దానివల్ల బతికాను."

వాతావరణం గారు ఇంజన్ ఆపేశాడు.

"అప్పట్నుంచీ ఎక్కడా మూసేస్తే ఉండలేను. లిఫ్టెక్కను. బాత్రూం గడియ కూడా సగమే వేస్తాను. మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలీదు."

"ఆ రోజు చెప్పొచ్చు కదా బావగారూ! ఒక్క మాటంటే..."

"ఏమని చెప్పను? కొత్త వియ్యంకుడి ముందు, కోడలి ముందు, కిటికీ మూస్తే నాకు భయమేస్తుందని చెప్పనా?" వియ్యంకుడు మీసం కింద కాస్త నవ్వాడు. "కోపమొచ్చి దిగిపోయాడంటే పరువుగా ఉంటుంది."

వాతావరణం గారు తలుపు మీదున్న ఆ తాళం బటన్ వైపు చూశాడు. వేలిగోరంత బటన్. ఆ రోజు దాన్ని నొక్కినప్పుడు తనకెంత గెలిచినట్టనిపించిందో గుర్తొచ్చింది. "నేను తాళమేశాను," అన్నాడు.

"మీకు తెలీదు కదా."

"తెలీదు. అయినా వేశాను."

వియ్యంకుడు సంచీ ఒళ్ళోంచి తీసి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. "సరే, అయిపోయింది. మీకు మాత్రం ఆ చల్లదనం పిచ్చి ఎందుకు పట్టుకుందో చెప్పండి."

వాతావరణం గారు పొయ్యి సంగతి చెప్పాడు. వేళ్ళ మీదున్న పాత మచ్చలు చూపించాడు. కనుబొమ్మల్లేని కాలం గురించి చెబితే వియ్యంకుడు ఆయన మొహంలోకి వంగి, కనుబొమ్మల మీద చెయ్యడ్డం పెట్టి చూసి పకపకా నవ్వాడు.

"అలాగైతే మనిద్దరం ఒక కారులో ఎలాగండీ?" అన్నాడు వాతావరణం గారు. "ఇటు పొయ్యి, అటు చలిగది."

"నా వైపు నాలుగు వేళ్ళంత తెరిచి ఉంచండి. మీ వైపు ఎంత కావాలంటే అంత చల్లగా పెట్టుకోండి."

"చల్లదనం బయటికి పోతుంది కదా?" అన్నాడు అలవాటుగా. అని, తన నోరు తనే మూసుకున్నాడు.

వియ్యంకుడి వైపు అద్దం నాలుగు వేళ్ళంత దించి, కొలవమని ఆయన చెయ్యే పెట్టించాడు. కారు మళ్ళీ కదిలింది. ఇంటి మలుపు వచ్చింది గానీ ఎవరూ తిరగమనలేదు. ఊరి చుట్టూ వేసిన కొత్త రోడ్డు మీద ట్రాఫిక్ లేదు. ఒక వైపు సందులోంచి వేడిగాలి, ఇంకో వైపు ఏసీ గాలి వచ్చి మధ్యలో ఎక్కడో కలుస్తున్నాయి. వియ్యంకుడు మొదట రోడ్డు పక్కన కట్టే ఇళ్ళ గురించి మాట్లాడాడు. తర్వాత కోడలి వంట గురించి రెండు మంచి మాటలు చెప్పాడు. మూడో మాట మధ్యలో ఆగిపోయింది.

ఏమైందోనని వాతావరణం గారు కంగారుగా తిరిగి చూశాడు. తలుపు పిడి మీద చెయ్యి లేదు. ఒళ్ళో ఉంది, వేళ్ళు వదులుగా తెరుచుకుని. తల పక్కకి వాలిపోయింది. గాలికి మీసం కొసలు ఊగుతున్నాయి. నిద్రపోతున్నాడు.

వాతావరణం గారు కారు వేగం తగ్గించాడు. గతుకులొస్తే పక్కనుంచి పోనిచ్చాడు. కొత్త రోడ్డు అయిపోయిన చోట వెనక్కి తిప్పుకుని మళ్ళీ అదే రోడ్డు పట్టాడు. ఫోను వణికింది. కూతురు.

"నాన్నా, మా మామయ్యగారు భోజనానికి ఇంకా రాలేదు. దుకాణం మూసుంది. అత్తయ్యగారు కంగారు పడుతున్నారు. నీకెక్కడైనా కనిపించారా?"

చెల్లెమ్మగారికి ఫోన్ చేసి చెప్తానన్న మాట మరిచే పోయాడు. "నా దగ్గరే ఉన్నారమ్మా," అన్నాడు గొంతు తగ్గించి.

"నీ దగ్గరా? నీ దగ్గరంటే ఎక్కడ నాన్నా?"

"కారులో."

"మీరిద్దరూనా? పోట్లాడుకోవట్లేదు కదా? ఒకసారి ఆయనకివ్వు."

"ఇప్పుడు కుదరదమ్మా. పడుకున్నారు. అత్తయ్యగారిని తినేయమను, మేం కాస్త ఆలస్యంగా వస్తాం," అని ఫోను పెట్టేశాడు.

కాసేపటికి స్టాండు నుంచి ఇంకో ఫోనొచ్చింది. ఎవరో రైలుకి వెళ్ళాలట, తొందరగా రమ్మంటున్నారు. వాతావరణం గారు పక్కకి ఒకసారి చూసి, "వేరే బండి పంపించండి, నా బండిలో మనిషున్నారు," అని, ఎదురుగా కొద్దిగా నీడ కనబడితే అటు తిప్పాడు.